నోరా గారి గోడ మీద మా తాతగారు

కెనడాలో, కిచెనర్ ఊళ్ళో మేమిప్పుడుంటున్న అపార్ట్‌మెంట్‌లో గోడకి మేకు కొట్టకూడదు. కాండో నిబంధనల్లో ఈ సంగతి తొమ్మిదో పేజీలో ఉంది. కుక్కల సంగతి పదో పేజీలో ఉంది కాబట్టి మేకులు కుక్కలకంటే ప్రమాదకరమని వాళ్ళ ఉద్దేశం అయి ఉండాలి. మేకులకి బదులు వెనక జిగురున్న పట్టీలు వాడుకోమన్నారు. ఆ పట్టీ ఎంత బరువు మోస్తుందో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది గానీ ఎన్నాళ్ళు మోస్తుందో రాసి ఉండదు. పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం వెంకటేశ్వరస్వామి పటం మెల్లగా సోఫా వెనక్కి దిగిపోయింది. అద్దం పగల్లేదు. మా ఆవిడ సుభద్ర లెంపలేసుకుంది, నేను మేనేజ్‌మెంట్ వాళ్ళకి ఈమెయిల్ పెట్టాను. ఇద్దరికీ ఇంతవరకూ జవాబు రాలేదు.

సోఫా వెనక చెయ్యి పెట్టి స్వామిని వెతుకుతుండగానే మోరీన్ ఫోన్ చేసింది. మోరీన్ అంటే నోరా గారి కూతురు. నేను హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో వాళ్ళింట్లో మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. అప్పుడు మోరీన్ రెండు జడలేసుకుని స్కూలుకి వెళ్ళేది. ఇప్పుడు ఎటోబికోలో ఉంటోంది, నర్సుగా రిటైరయింది. నోరా గారు మొన్న చలికాలంలో, తొంభై నాలుగో ఏట, టీ చల్లారిపోయిందని ఎవర్నో కేకలేసి, ఆ తర్వాత కాసేపటికి పోయారు. ఇల్లు అమ్మేస్తున్నారు. "అమ్మ వంటింటి గోడ మీదవన్నీ హామిల్టన్‌లో మా ఐరిష్ వాళ్ళ హాలుకి వెళ్తున్నాయి. పటాలన్నీ అదే వరసలో పెడతారు. మీ తాతగారిని మధ్యలో పెడుతున్నాం. చీటీలు కొత్తగా ప్రింట్ చేయిస్తున్నాం, మనిషికి రెండు వాక్యాలు. ఆయనవి మీరు రాసివ్వాలి. ఆదివారం పట్టుకురండి" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు సోఫా వెనకే ఉండిపోయాను. ఆ గోడ మీద మా తాతగారుండటం వెనక ఒక చిన్న పొరపాటుంది. అది చిన్నదిగా ఉన్నప్పుడే దిద్దాల్సింది.

నేను దిగిన రోజుల్లో హామిల్టన్‌కి రెండు వాసనలుండేవి. గాలి సరస్సు మీంచి వీస్తే ఉక్కు ఫ్యాక్టరీల గంధకం వాసన. వీయకపోతే నోరా గారి వంటింట్లో క్యాబేజీ ఉడికే వాసన. మొదటిదే కాస్త నయమనిపించేది. నోరా గారు మనిషి నాలుగడుగుల పదకొండంగుళాలు, మిగతాదంతా అభిప్రాయాలు. భర్త ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి గుండెపోటుతో పోయాడు. ఆవిడ కూతుర్ని పెంచుకుంటూ మేడమీద గది అద్దెకిచ్చుకునేది. ఆ వంటింట్లో టీ ఎప్పుడూ కాగుతూనే ఉండేది. అది తాగేసరికి నాలుక ఒకసారి ఉలిక్కిపడేది. నేను అందులో పాలూ రెండు చెంచాల పంచదారా కలుపుకోవడం చూసి ఆవిడ మొదటి రోజే "మీ దేశంలో నాగరికత ఉందన్నమాట" అంది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చి, కోటు విప్పకుండానే సోడా రొట్టెకి పిండి కలిపేది. నాకు ఉడికించిన బంగాళాదుంపలు రెండు పళ్ళెంలో పెట్టి, పక్కన ఉప్పుడబ్బా పెట్టి, ఇక లోటేముందన్నట్టు చూసేది. ఒకరోజు నేను వాటినే నూనెలో వేయించి, మా అమ్మ పంపిన కారం చల్లిచ్చాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మొత్తం తినేసింది. "ఈ దుంపకి తెగులు పట్టే మావాళ్ళు లక్షల్లో చచ్చారు, మిగతావాళ్ళు ఓడలెక్కారు. దాని మీద ఇలా పగ తీర్చుకోవచ్చని ఎవరికీ తోచలేదు" అంది.

ఆ వంటింట్లో నా కుర్చీకి ఎదురుగా ఉండేది గోడ. పది పటాలు, చెక్క ఫ్రేములు, ఒక్కొక్కదాని కింద ఆవిడ దస్తూరీతో ఒక చీటీ. ఐర్లండ్ చరిత్రలో ఆవిడకి కావలసినవాళ్ళందరూ అక్కడున్నారు. పేర్లకి నా నోరు తిరక్క, నాకు నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటాయన లాయరు గారు. కత్తి పట్టకుండా, మైదానాల్లో లక్షలమందిని పోగుచేసి, కేవలం నోటితో లండన్‌ని లొంగదీసిన మనిషి. రెండో ఆయన జమీందారు గారు. పార్లమెంటుని గడగడలాడించి, చివరికి ఒక పెళ్ళైనావిడ మీది ప్రేమతో పార్టీని చీల్చుకున్నాడు. ఆయన పటం మాత్రం మిగతావాటికంటే ఒకంగుళం కిందకి ఉండేది. "క్షమించలేదా?" అని అడిగితే, "క్షమించాను. లేకపోతే మంచం కింద ఉండేవాడు" అంది. ఆ తర్వాత పిస్తోలు దొరసాని. కలవారింట పుట్టి, తిరుగుబాటులో తుపాకీ పట్టి, జైల్లో ఉండగానే పార్లమెంటుకి గెలిచి, ఆ పార్లమెంటులో కూర్చోనని చెప్పిన మహాతల్లి. ఆవిడ పక్కన కుర్చీ ఆయన. కూలీల నాయకుడు. గాయాలతో నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. ఈయన దగ్గరికి వచ్చేసరికి నోరా గారు అద్దం రెండుసార్లు తుడిచేది.

నాకు బాగా నచ్చినవాడు ఒట్టావా ఆయన. కుర్రతనంలో రాణి మీద తిరగబడి పారిపోయి, నడివయసుకి కెనడా అనే దేశాన్ని కూర్చినవాళ్ళలో ఒకడయ్యాడు. ఒకనాడు పార్లమెంటు నుంచి నడిచొచ్చి, తాను అద్దెకున్న ఇంటి తలుపు తాళం తీస్తుండగా తూటా తగిలి గుమ్మంలోనే పోయాడు. నోరా గారికి ఇందులో రాజకీయంకంటే ఇంటి సంగతే ఎక్కువ పట్టేది. "ఆయన గురించి అందరూ రాస్తారు. ఆ ఇంటావిడ గుమ్మం ఎవరు కడిగారో ఒక్కడూ రాయడు" అనేది. నాకు మాత్రం ఒక జాగ్రత్త చెప్పింది. "తాళంచెవి వీధి చివరే తీసి చేత్తో పట్టుకో. గుమ్మంలో నిలబడి జేబులు తడుముకోకు." ఇప్పటికీ అలాగే చేస్తాను. ఇంతవరకూ నన్నెవరూ కాల్చలేదు.

గోడ ఎక్కడానికి ఒక నిబంధన ఉండేది. జైలు చూసినవాళ్ళు, ఉరికంబం చూసినవాళ్ళు, ఓడ చూసినవాళ్ళు, ఈ మూడు కులాలకే ప్రవేశం. ఫ్యాక్టరీ టోపీతో ఉన్న ఆవిడ భర్త ఓడ కోటాలో చివరి స్థానం సంపాదించాడు. నేను విమానంలో వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఏ అర్హతా లేదని మొదటి ఆదివారమే తేలిపోయింది. ప్రతి ఆదివారం భోజనం తర్వాత, భర్త పాత ఫ్లానెల్ చొక్కాతో ఆవిడ ఒక్కొక్క పటం తుడుస్తూ, ఎవరు ఎన్ని నెలలు లోపలున్నారో, కోర్టులో ఏమన్నారో చెప్పేది. అంతా విన్నాక నా వైపు తిరిగి, "మీవాళ్ళలో ఎవరున్నారు?" అని అడిగేది. దేశం మీద నాకు అభిమానం తక్కువేమీ కాదు. కానీ ఆవిడ అడిగేది దేశంలో ఎవరున్నారని కాదు, మా ఇంట్లో ఎవరున్నారని. మా ఇంట్లో అందరూ ఉద్యోగస్తులే.

ఒక శనివారం ఆవిడ దుప్పట్లు మార్చడానికి మేడమీదికి వచ్చింది. నా పెట్టె మూత తెరిచి ఉంది, మూత లోపలి వైపు మా తాతగారి ఫోటో అంటించి ఉంది. తెల్ల పంచె, ఉత్తరీయం, మెడలో మోకాళ్ళదాకా బంతిపూల దండ, వెనక పెద్ద ఇనుప గేటు, గేటు దగ్గర తుపాకీతో సెంట్రీ. ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"ఎవరీయన?"

"మా తాతగారండీ."

"అది జైలా?"

"జైలేనండీ."

"బ్రిటిష్‌వాళ్ళదా?"

"అప్పట్లో వాళ్ళదే."

"ఎన్నాళ్ళు?"

"ఇరవై ఆరేళ్ళు."

ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. గోడ మీదున్న ఒక్కరికీ అంత లేదు. "దండ ఎవరేశారు?" అంది చివరికి, గొంతు తగ్గించి. "సూపరింటెండెంటే స్వయంగా వేశారు" అన్నాను. "శత్రువు చేత దండ వేయించుకున్నాడు" అని ఆవిడ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. నేను అడిగినదానికల్లా నిజమే చెప్పాను. అడగనిది చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆవిడ ఫోటో ఊడదీసి, కిందకి దిగి, సుత్తి కోసం వెతుకుతోంది. నేను మెట్లు దిగేసరికి గోడలో మేకు దిగిపోయింది. భోజనాల వేళకి తాతగారు కుర్చీ ఆయనకీ పిస్తోలు దొరసానికీ మధ్య, దండతో సహా, నాకేసి చూస్తున్నారు. ఆ పూట నా పళ్ళెంలో మూడు దుంపలున్నాయి.

మా తాతగారు జైలు ఆఫీసులో గుమాస్తా. ఆ ఫోటో ఆయన రిటైరైన రోజుది. కొత్తగా వచ్చిన ఖైదీల వివరాలు రిజిస్టర్లో ఎక్కించడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళు అదే బల్ల, అదే కిటికీ, అదే ప్రశ్నలు. రిటైరయ్యాక కూడా అవి ఆయన్ని వదల్లేదు. మా ఇంటికి ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, "తమరి పూర్తి పేరు? తండ్రి పేరు? గ్రామం?" అని అడిగేవారు. కొత్తగా వచ్చిన పాలవాడికి ఒంటి మీద పుట్టుమచ్చలెక్కడున్నాయో కూడా చెప్పుకోక తప్పలేదు. మనవలందరి పుట్టుమచ్చలూ ఆయనకి కంఠతా వచ్చు. నాకు ఎడమ మోచేతి కింద కందిగింజంత మచ్చ ఉందని నాకు చెప్పింది ఆయనే. ఆయన దగ్గర ఎప్పుడూ సిరా, వక్కపొడి కలిసిన వాసన వచ్చేది. కలం పాళీని బొటనవేలి గోటి మీద గీసి చూసుకుంటే గానీ కాగితం మీద పెట్టేవారు కాదు.

ఒకసారి నేను, పదేళ్ళవాణ్ణి, "దొంగల్ని కూడా తమరూ అనేవారా తాతయ్యా?" అని అడిగాను. "ఆ గుమ్మం దాటాక మనిషికి నంబరేరా. నేను రాసే ఆ ఒక్క వరస మీదే పేరుంటుంది. అదైనా సరిగ్గా రాయొద్దూ?" అన్నారు. రాసింది వాళ్ళ ముందే చదివి వినిపించి, సరేనంటేనే సిరా మీద అద్దుడు కాగితం పెట్టేవారట. పక్క బల్ల గుమాస్తా ఇంటిపేర్లు ఎగరగొట్టేస్తే, మధ్యాహ్నం భోజనం మానేసి అవన్నీ మళ్ళీ అడిగి పూర్తిచేసేవారని మా నానమ్మ విసుక్కుంటూ చెప్పేది. అప్పట్లో నాకు ఇందులో గర్వపడాల్సింది కనిపించలేదు. జైలుకి వెళ్ళిన తాత ఉన్న పిల్లలు మా క్లాసులో ఇద్దరున్నారు. ఆగస్టు పదిహేనుకి వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టేవారు.

చదువైపోయి, ఉద్యోగం వచ్చి, పెళ్ళిచూపులకి ఊరెళ్ళాను. సుభద్ర వాళ్ళ నాన్నగారు అసలైన మనిషి. క్విట్ ఇండియా రోజుల్లో కాలేజీ మానేసి జైలుకి వెళ్ళారు, తామ్రపత్రం తీసుకున్నారు, చివరిదాకా ఖద్దరే కట్టారు. మా బాబాయి ఇంటి హాల్లో అదే ఫోటో ఇంకో కాపీ ఉండేది. తాతగారిది గవర్నమెంటు ఉద్యోగమని మా బాబాయి ముక్తసరిగా చెప్పి మాట మార్చేశాడు. ఖద్దరాయన ముందు జైలు గుమాస్తా అంటే ఏమనుకుంటారోనని నేనూ ఊరుకున్నాను. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. కుడిచెవి వెనక వేలితో రుద్దుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి, "ముహూర్తం పెట్టించండి" అన్నారు. నాకు ఇంకో ప్రశ్న పడలేదు. పెళ్ళయ్యాక సుభద్రని తీసుకొచ్చి నోరా గారికి చూపించినప్పుడు, ఆవిడ సుభద్ర చెయ్యి పట్టుకుని నేరుగా గోడ దగ్గరికే తీసుకెళ్ళింది. సుభద్ర తాతగారి కింద చీటీ చదివింది. 'భారత దేశభక్తుడు. ఇరవై ఆరేళ్ళ కారాగారం.' చదివి, ఒకసారి నా వైపు చూసి, ఏమీ అనలేదు. గర్వంతో మాట రాలేదనుకున్నాను.

నోరా గారికి నిజం చెప్పాలని నేను ప్రయత్నించలేదనడం తప్పు. ఒక క్రిస్మస్‌కి మొదలుపెట్టాను. ఆవిడ అప్పుడే పక్కింటివాళ్ళకి గోడ చూపిస్తూ, "ఈయన మనవడు మా మేడమీదే ఉండేవాడు" అంటోంది. అలా అంటున్నప్పుడు ఆవిడ ఒకంగుళం పొడుగు కనిపించేది. ఉన్నవే తక్కువ అంగుళాలు, తగ్గించబుద్ధి కాలేదు. తర్వాత ఏడాదికోసారి వెళ్ళి టీ తాగొచ్చేవాళ్ళం. ఏటా ఒక ఏడాది ఆలస్యమయ్యేది.

అందుకే ఆ ఆదివారం సుభద్రతో హామిల్టన్‌కి బయల్దేరినప్పుడు నా కోటుకి రెండు జేబుల్లో రెండు కాగితాలున్నాయి. ఎడమ జేబులో నోరా గారి రెండు వాక్యాలు, కాస్త ఇస్త్రీ చేసి. కుడి జేబులో నిజం. గోడ ఇక వంటింటిది కాదు. వచ్చేవారం నలుగురూ వస్తారు, ఫోటోలు తీస్తారు, బడిపిల్లలు వచ్చి చీటీలు చదివి నోట్‌బుక్కుల్లో రాసుకుంటారు. ఇరవై ఆరేళ్ళు ఒక్క పేరు తప్పు రాయని మనిషి మెడలో తప్పుడు చీటీ వేలాడదీయడమా? నిజం చెప్తే మాత్రం ఆయన్ని గోడ దింపేస్తారు. నోరా గారు స్వయంగా కొట్టిన మేకు నేను పీకినట్టవుతుంది.

హాలులో పటాలన్నీ అదే వరసలో ఎక్కించేశారు. జమీందారు గారిని కూడా లెక్కప్రకారం అంగుళం కిందకే పెట్టారు. తాతగారు నట్టనడుమ, పెద్దది చేయించిన ఫ్రేములో, మూడంగుళాల మేకు మీద ఉన్నారు. గోడని తాకి చూశాను. కిచెనర్‌లో అలాంటి గోడ చూసి చాలా ఏళ్ళయింది. మోరీన్ నన్ను డోలన్ అనే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. హాలు కార్యదర్శి. ఎనభై దాటిన ఉక్కు ఫ్యాక్టరీ మనిషి, నవ్వు మీద పెద్దగా నమ్మకం లేనివాడు. కాగితం కోసం చెయ్యి చాపాడు. నా చెయ్యి ముందు ఎడమ జేబులోకే వెళ్ళింది. గోడ మీంచి తాతగారు చూస్తున్నారు. కుడి జేబులోది తీసిచ్చాను.

డోలన్ అది చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఖైదీ కాదా?"

"కాదండీ. గుమాస్తా."

"రాజుగారి జీతం తీసుకున్నాడా?"

"ఇరవై ఆరేళ్ళు."

"నోరాకి తెలుసా?"

"చెప్పలేదండీ."

మోరీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. సుభద్ర పక్కనే కుర్చీలో కూర్చుని హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తెరుస్తోంది, మూస్తోంది. "ఆయనేం చేసేవాడో సరిగ్గా చెప్పు" అన్నాడు డోలన్. చెప్పాను. బల్ల, కిటికీ, తమరి పూర్తి పేరు, తండ్రి పేరు, గ్రామం, పుట్టుమచ్చలు, చదివి వినిపించడం, నానమ్మ విసుగు. నా జీవితంలో తాతగారి గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. చెప్తున్నకొద్దీ నా వెన్ను దానంతటదే నిటారయింది.

డోలన్ గోడకేసి తిరిగాడు. "మా ముత్తవ్వ తల్లి కరువులో ఓడెక్కింది" అన్నాడు. "ఓడలోనే జ్వరం. ఒడ్డు చేరకుండా సెయింట్ లారెన్స్‌ నదిలో దీవి దగ్గర దించారు. అక్కడే పోయింది. మావాళ్ళు మూడు తరాలు వెతికాం. కాగితంలో ఉన్నదల్లా ఒక్క ముక్క. 'ఆడమనిషి.' అంతే. పేరు లేదు, ఊరు లేదు. ఈ గోడ మీద వీరులకి లోటు లేదయ్యా. ఆ రేవులో మీ తాతలాంటి గుమాస్తా ఒక్కడు లేకపోయాడు." కాగితం నా చేతిలో పెట్టాడు. "మొదటి వాక్యం మార్చు, 'ఖైదీల పేర్లు పూర్తిగా రాసిన గుమాస్తా' అని. ఆ ఇరవై ఆరేళ్ళు మాత్రం తియ్యకు."

"మరి మధ్యలో పెట్టారు కదా..." అంది మోరీన్.

"ఎక్కడ కొట్టిన మేకు అక్కడే" అన్నాడు డోలన్, విసుగ్గా.

తిరుగు ప్రయాణంలో సుభద్రే డ్రైవ్ చేసింది. హామిల్టన్‌లో గంధకం వాసన ఇప్పుడు దాదాపు లేదు, ఫ్యాక్టరీలు తగ్గిపోయాయి. నోరా గారి వీధిలో మేడమీది గదుల్లో ఇప్పుడు మన తెలుగు పిల్లలే నలుగురేసి సర్దుకుంటున్నారు. వాళ్ళ ఇంటి ఓనర్ల మొహం చూసినవాడు ఒక్కడూ ఉండడు, తాళానికి కూడా ఫోన్లోనే నంబరు వస్తుంది. గుమ్మంలో జేబులు తడుముకునే పని లేదు గానీ, వాళ్ళ పెట్టె మూత వెనక ఎవరున్నారని అడిగే మనిషీ లేదు. నన్ను ఒకావిడ అడిగింది. ఆవిడ దయవల్ల కూలీల నాయకుడికీ తిరుగుబాటు దొరసానికీ నడుమ, సముద్రాలవతల, మా జైలు గుమాస్తా దండ వేసుకుని నిలబడ్డాడు. ఇప్పుడు తన సొంత పేరు మీదే నిలబడ్డాడు. కిచెనర్ దగ్గరపడుతుండగా సుభద్రతో ఈ మాటే అన్నాను. అన్నాక గొంతు సవరించుకుని, "ఈ సంగతి నీకూ ముందే చెప్పి ఉండాల్సింది" అన్నాను.

సుభద్ర అద్దంలో వెనక వస్తున్న లారీని చూసుకుని, లేన్ మారింది.

"మీ తాతగారు లోపలికి రాసుకున్నవాళ్ళలో మా నాన్నగారొకరు. కుడిచెవి వెనక పుట్టుమచ్చతో సహా రాశారట. పెళ్ళిచూపులైన సాయంత్రమే చెప్పారు నాన్నగారు. మీరెప్పుడు చెప్తారా అని ముప్పై ఆరేళ్ళుగా చూస్తున్నాను."